వరసేటి?

చీపురుపల్లిలో పెళ్లి సంబంధం మాటల్లోకి రాగానే పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘వరసేటి?’ ఇంట్లో నాయనమ్మ ఉంటే చాలు... రెండువైపులా ముత్తాతల దాకా వెళ్లొచ్చి చిటికెలో తేల్చేస్తుంది. ఆ పని కంప్యూటర్‌కి అప్పగిస్తే?

మనుషుల్ని చుక్కలుగా, బంధుత్వాల్ని గీతలుగా గీస్తే వచ్చే అల్లికే ‘గ్రాఫ్’. దాన్ని ప్రశ్నించడానికి ప్రత్యేక భాషలున్నాయి. చిక్కల్లా, అన్ని భాషల్లోనూ అన్ని ప్రశ్నలూ అడగలేం!

సమాచారాన్ని పట్టికల్లో దాచే పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. ఆ పద్ధతిలో తాత ఎవరో అడగొచ్చు. ఇంకో మెట్టు పెంచి ముత్తాతనీ అడగొచ్చు. ‘ఎన్ని తరాలు వెనక్కి వెళ్లినా సరే, ఈయన ఆ అబ్బాయికి పూర్వీకుడేనా?’ అనడం మాత్రం కుదరదు. ఆ సంగతిని 1979లో ఆల్‌ఫ్రెడ్ ఆహో, జెఫ్రీ ఉల్మన్ నిరూపించారు. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి ఆ వీలు 1999లోగానీ రాలేదు.

గ్రాఫ్ భాష ‘స్పార్కల్’లో ఇదెంతో తేలిక. బంధుత్వం పేరు పక్కన కూడిక గుర్తు పెడితే ‘ఎన్ని మెట్లయినా’ అని అర్థం. కానీ అక్కడో ప్రమాదం పొంచి ఉంది. మేనరికాలు ఎక్కువున్న ఇళ్లలో ఒకే మనిషి నాలుగు దారుల్లో చుట్టమవుతాడు కదా! కొత్త స్పార్కల్ ముసాయిదా అలాంటి దారులన్నీ విడివిడిగా లెక్కపెట్టమంది. అలాచేస్తే చిన్న గ్రాఫ్‌కి కూడా జవాబు యోటాబైట్‌ని (ఒకటి పక్కన 24 సున్నాలు) దాటిపోవచ్చని 2012లో మార్సెలో అరెనాస్ బృందం చూపించింది. దాంతో 2013లో ఖరారైన ప్రమాణం ‘దారి ఉందా, లేదా’ అన్నదానికే పరిమితమైంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం జీక్యూఎల్ మరోలా జాగ్రత్తపడింది. హద్దు లేకుండా వెతకమంటే ఊరుకోదు... దగ్గరి దారి చాలనో, నడిచిన గీత మళ్లీ తొక్కొద్దనో షరతు పెట్టాల్సిందే.

ఇంతా చేస్తే నాయనమ్మ ప్రశ్న అలాగే ఉంది. సాధారణంగా వరస కుదరాలంటే ముందు తరం కలవాలి. అంటే ఇటు ఎన్ని మెట్లెక్కామో అటు సరిగ్గా అన్నే దిగాలి. స్పార్కల్ కూడిక గుర్తు ఎక్కమంటే ఎక్కుతుంది, దిగమంటే దిగుతుంది. ఎన్నెక్కిందో మాత్రం గుర్తుపెట్టుకోదు!

డేటాలాగ్ అనే మరో భాషకి అది చేతనవును. అందులో రెండే సూత్రాలు: తోబుట్టువులది ఒకే తరం. ఒకే తరంవాళ్ల పిల్లలదీ ఒకే తరం. నాయనమ్మ లెక్కా దాదాపు ఇదే. కాకపోతే ఆవిడ అక్కడితో ఆగదు... తరం కలిశాక, వాళ్లు మేనత్త పిల్లలో పెదనాన్న పిల్లలో ఆరా తీస్తుంది.