చోరీ పెట్టెలో అమానత్ దాచకండి

మా భాంజా మైపాడు రోడ్డులో ఉంటాడు. పగలు రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తాడు, రాత్రయితే పాడతాడు. నాత్‌లు, సినిమా పాటలు, ఈ మధ్య తనే తెలుగులో రాసి బాణీ కట్టుకున్న పాటలు. మేడ మీది గదిని స్టూడియో చేసుకుంటానని పోయిన నెల మా ఇంటికొచ్చాడు.

"మామూ, రికార్డింగ్‌కి కౌన్సా సాఫ్ట్‌వేర్ అచ్ఛా?"

నేను జవాబు చెప్పేలోపే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరో దోస్త్ ఇచ్చాడట. వేలకు వేలు పోసి కొనాల్సిన సాఫ్ట్‌వేర్, క్రాక్ చేసింది, ముఫ్త్.

ఆ పెన్‌డ్రైవ్ చూడగానే నాకు పెద్ద ఖాలా యాదికొచ్చింది.

పెద్ద ఖాలా అంటే మా అమ్మీకి అక్క. షాదీ ఇంట్లో ఢోలక్ ముందేసుకుని కూర్చుందంటే పెళ్లికొడుకు తరఫు వాళ్లకు ఇక దబాయింపే. సమ్ధన్ మీద ఎగతాళి పాటలు, రుఖ్సత్ పాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు అన్నీ ఆమెకు వచ్చు. చక్కీ తిప్పుతూ పాడేవి మరీ బాగుండేవి. దక్కనీలో చక్కీనామాలని ఒక తరహా ఉంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ సూఫీలు అల్లినవి, ఆడవాళ్లు తిరగలి దగ్గర పాడుకుంటూ నిలబెట్టినవి. ఖాలా పాడినవి వాటి వారసులే అయ్యుంటాయని నా అందాజా. నేను స్కూల్లో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. ఆ పాటలు ఉర్దూ కితాబుల్లో కనపడలేదు, తెలుగు సిలబస్‌లోనూ లేవు. రెండు జబానుల మధ్య జారిపోయిన విరాసత్ అది.

పదేళ్ల కిందట మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి ఆమెతో పద్దెనిమిది పాటలు పాడించి రికార్డ్ చేశాను. అదీ ఇలాంటి క్రాక్ సాఫ్ట్‌వేర్‌లోనే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపెయ్యమంటే ఆపేశాను. కొన్నాళ్లకు లాప్‌టాప్ తెరుచుకోవడం మానేసింది. రిపేర్ షాపు కుర్రాడు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించి ఇచ్చాడు. నేను ధీమాగానే ఉన్నాను, పద్దెనిమిది ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని. వేరే లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే పాటల పేర్లున్నాయి, గీతలున్నాయి, ఆవాజు లేదు. నేను దాచుకుంది ప్రాజెక్ట్ ఫైళ్లు. ప్రాజెక్ట్ ఫైలంటే ఒట్టి నక్షా. ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలో, ఎంత గట్టిగా వినపడాలో మాత్రమే అందులో ఉంటుంది. అసలు ఆవాజు వేరే ఫోల్డర్‌లో ఉండేది. దాన్ని కాపీ చెయ్యాలని నాకు తెలియదు. మళ్లీ పాడిద్దాంలే అనుకుంటూ ఏడాది గడిపాను. ఖాలా వెళ్లిపోయింది.

తప్పులు రెండూ నావే. అందుకే భాంజా సవాల్‌కి ఇక్కడ అందరికీ జవాబు రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు "ఏది గొప్పది" అని అడక్కండి. "ఏది హక్కుగా నాది అవుతుంది? రేపు ఇది పోతే నా ఆవాజు నాకు మిగులుతుందా?" అని అడగండి.

మొదట హక్కు సంగతి. "వాళ్లు పెద్ద విదేశీ కంపెనీలు, మనం గరీబులం, ఏం పోయింది" అంటారు కుర్రాళ్లు. ఒకప్పుడు అందులో కొంత మజ్బూరీ ఉండేదేమో. బాలు గారికి మన నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఇల్లుండేది. ఆయన కూడా 1966లో మొదటి సినిమా పాట పాడటానికి మద్రాసు స్టూడియోకే వెళ్లారు. 1989లో అదే మద్రాసులో ఏ.ఆర్. రహమాన్ ఇంటి పెరట్లో పంచతన్ స్టూడియో కట్టుకున్నారు. 1992లో రోజా పాటలు ఆ ఇంటి నుంచే దేశమంతా వినపడ్డాయి. అప్పట్లో ఇంట్లో స్టూడియో అంటే లక్షల ఖర్చు. ఇవాళ ఆ మజ్బూరీ లేదు. హలాల్‌గా, పైసా ఖర్చు లేకుండా దొరికేవి ఉన్నాయి. తన పాటను ఎవడో ఎత్తుకుని యూట్యూబ్‌లో పెట్టుకున్నాడని గగ్గోలు పెట్టేవాడు, ఆ పాటను చోరీ సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఆ గగ్గోలుకు విలువేముంది? నా వ్యాసాలు పేరు తీసేసి వాడుకున్న వాళ్లను చూశాను గనుక ఆ మంట నాకు తెలుసు. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ తెలిసీ దొంగ సాఫ్ట్‌వేర్ వాడటం నేరమనే అంటుంది. మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జుర్మానా రాసి ఉంది. ఏ పోలీసూ మేడ మీది గదికి రాడు, నిజమే. చూసేవాడు లేనప్పుడు కూడా నిలబడేదే కదా ఇమాన్‌దారీ.

ఇక ఏది తీసుకోవాలి? అది మీ పనిని బట్టి.

ఒక్క గొంతు, మహా అయితే ఒక దఫ్ లేదా ఢోలక్ అయితే ఆడాసిటీ చాలు. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలై 2000లో జనంలోకి వచ్చింది. ముఫ్త్. దాని లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పాత లాప్‌టాప్‌నూ ఇబ్బంది పెట్టదు. పది పదిహేను ట్రాకులతో పాట కట్టాలంటే మాత్రం దాంట్లో పని ఇరుకు.

అలా కట్టాలనుకునే వాళ్లకు నా ఓటు రీపర్‌కి. మన వయసు వాళ్లందరికీ విన్యాంప్ యాదుంటుంది కదా, దాన్ని చేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ చేశాడు. 60 రోజులు ఏ తాళమూ లేకుండా వాడి చూడొచ్చు. నచ్చితే సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు, మన లెక్కలో ఐదు వేల పైచిలుకు. ఒక నెల సిగరెట్లు, బిర్యానీలు మానేస్తే వచ్చేస్తుంది. దీనికీ ఐబ్‌లున్నాయి. చూడటానికి రూఖాగా ఉంటుంది, వాయిద్యాల ఆవాజులు లోపల దాదాపు ఏమీ ఉండవు, నేర్చుకోవడానికి సబర్ కావాలి.

బీట్లు చేసే కుర్రాళ్లు ఎఫ్ఎల్ స్టూడియో అంటారు. మంచిదే. కానీ దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేదాకా మళ్లీ తెరవలేరు, అది తెలుసుకుని దిగండి. మ్యాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ముఫ్త్‌గానే వస్తుంది. ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టొచ్చు.

పేరు చూసి మోసపోవద్దనడానికి కేక్‌వాక్ కిస్సా ఒకటి చాలు. 1987 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది. డబ్బు పోసి కొన్నవాళ్లు ఎందరో. 2017లో దాని యజమాని గిబ్సన్ కంపెనీ ఇక దీన్ని చెయ్యమని ప్రకటించింది. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ కొనుక్కుని ముఫ్త్‌గా ఇచ్చింది గనుక బతికింది. ప్రతిదానికీ అలాంటి కిస్మత్ ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ అమర్ కాదు.

భాంజా ఇంకో షికాయత్ చేశాడు. హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే ఆలస్యంగా వినపడుతోందట, "సాఫ్ట్‌వేర్ ఖరాబ్" అన్నాడు. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కంప్యూటర్ ఆవాజును గుప్పెళ్లు గుప్పెళ్లుగా పట్టుకుంటుంది. ఆ గుప్పెడే బఫర్. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 పెడితే ఒక్క గుప్పెడుకే 21 మిల్లీసెకన్లు పడుతుంది. 256కి తగ్గిస్తే ఐదు చిల్లర. పాడేటప్పుడు తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోవాలి. విండోస్‌లో అయితే ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏసియో డ్రైవర్ వెయ్యాలి.

మన సముద్రపు ఒడ్డు వాళ్లకు అసలు దుష్మన్ సాఫ్ట్‌వేర్ బయట ఉంది. చుట్టూ రొయ్యల గుంటలు, రాత్రంతా ఏరియేటర్ల హోరు, కరెంటు పోతే జనరేటర్. ఆడాసిటీలో నాయిస్ తగ్గించే సాధనం ఉంది. గది ఖాళీగా ఉన్నప్పటి రొదను కొన్ని సెకన్లు వినిపిస్తే దాన్ని పాటలోంచి తీసేస్తుంది. గట్టిగా తీశామంటే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. దానికంటే గుంటల వైపు కిటికీ మూసి, గోడలకు రజాయిలు, బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపి, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టడం మేలు. ఉప్పు గాలికి మైకు పిన్నులు తుప్పు పడతాయి, పని కాగానే గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టెయ్యాలి. డబ్బు తక్కువైతే సాఫ్ట్‌వేర్‌లో మిగిల్చి మైకు మీద పెట్టండి.

ఇక అమానత్ సంగతి. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరి దాకా వేవ్ ఫైలుగా బయటికి తీసి పెట్టుకోండి. వేవ్‌ను ఏ సాఫ్ట్‌వేరైనా తెరుస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అయితే నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, గంటకు అర జీబీ పైన కొంచెం. ఈ కాలంలో అదొక లెక్కా? శుభ్రం చెయ్యకముందు ఫైలును కూడా ఉంచండి. కాపీలు మూడు చేసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. ఫైలు పేరులోనే పాడినవాళ్ల పేరు, ఊరు, తారీఖు రాయండి.

భాంజా పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకున్నాడు. ఆడాసిటీ దించుకుని, రీపర్ 60 రోజులు చూస్తానన్నాడు. నేనొక షరతు పెట్టాను. "మొదటి రికార్డింగ్ నీది కాదు, మీ నానీది."

వాళ్ల నానీ అంటే మా అమ్మీ, పెద్ద ఖాలా చెల్లెలు. పోయిన జుమా సాయంత్రం ఆ మేడ గదిలో కూర్చోబెట్టాం. కిటికీ మూసినా ఏరియేటర్ల రొద కొంచెం వచ్చింది. పద్దెనిమిది పాటల్లో మూడు ఆమెకు యాదున్నాయి. మూడోదాని మధ్యలో ఆగిపోయి, కాసేపు వెతుక్కుని, "ఇక్కడ ఇంకొకటుంది, అది ఆపాకే తెలుసు" అంది.

ఆ మాట కట్ చెయ్యొద్దని భాంజాకు చెప్పాను.