కంప్యూటరు కొనబోవువారి కొక మాట

ప్రతి సంవత్సరమును పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులలో కొందరు, మార్కుల సంగతి ముగిసిన వెనుక, మమ్ము వసారాలో నొక ప్రక్కకు పిలిచి యొక ప్రశ్న వేయుచుందురు. "మాస్టారూ, అబ్బాయికి కంప్యూటరు కొందామనుకుంటున్నాం. ఇంటెల్ ప్రాసెసరు మంచిదంటారా, ఏ.ఎం.డి. మంచిదంటారా?" ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దాని వెనుక నొక కుటుంబము రెండు మూడేండ్లు పొదుపు చేసి కూడబెట్టిన సొమ్ము కలదు. అట్టి సొమ్మునకు సంబంధించిన ప్రశ్నకు వసారాలో నిలువబడి ఒక్క మాటతో బదులు చెప్పుట న్యాయము గాదని తోచి, మా అభిప్రాయమును ఈ పత్రికయందు వివరింపబూనితిమి. ల్యాప్‌టాపులలో ప్రాసెసరు సాధారణముగా పలకకు అతికింపబడి యుండును గనుక దానిని మార్చుటకు వీలుపడదు. మేము చెప్పబోవునది బల్లపై నుంచుకొను పెద్ద కంప్యూటరును గూర్చియే.

మొదట మా అభిప్రాయమును సూటిగా చెప్పుదుము. నేడు ఏ ప్రాసెసరు అధిక వేగము గలది యనునది మధ్యతరగతి గృహస్థునకు రెండవ ప్రశ్న. ఆ ప్రాసెసరు కూర్చుండు మదర్‌బోర్డుమీద నాలుగైదేండ్ల తరువాత మరియొక క్రొత్త ప్రాసెసరును కూర్చుండబెట్టగలమా యనునదియే మొదటి ప్రశ్న. ప్రాసెసరును బోర్డుతో కలుపు చదరపు పీఠమునకు సాకెట్టని పేరు. బండికి ఎద్దు ముసలిదైనచో మరియొక ఎద్దును కట్టుకొందుము గాని బండిని విరిచి పొయ్యిలో పెట్టము. అయితే క్రొత్త ఎద్దు మెడకు పాత కాడి సరిపడకున్న యెడల బండిని సైతము మార్చవలసి వచ్చును. కంప్యూటరు బండికి సాకెట్టే కాడి.

ఈ రెండు సంస్థలును అమెరికా దేశమున ఒక యేడాది యెడముతో పుట్టినవి. ఇంటెల్ 1968లోను, ఏ.ఎం.డి. 1969లోను స్థాపింపబడెను. ఒకప్పుడు ఇంటెల్ వారి పెంటియమును, 1997లో వచ్చిన ఏ.ఎం.డి. వారి కె6ను ‘సాకెట్ 7’ అను ఒకే పీఠముమీద పనిచేయుచుండెడివి. అదే సంవత్సరమున ఇంటెల్ వారు పెంటియం 2తో వేరు పీఠమునకు మరలిరి. నాటినుండి ఇరువురి దారులును వేరైనవి. 2003లో ఏ.ఎం.డి. వారు మన బల్లమీది కంప్యూటర్లకు 64 బిట్ల పద్ధతిని తేగా, మరుసటి సంవత్సరమున ఇంటెల్ వారును దానినే అవలంబించిరి. ఇట్లు ఒకరివలన నొకరు నేర్చుకొనినవారే గాని, మా విద్యార్థులు కొందరు వాదించుకొనునట్లు ఒకరు దేవతలును మరియొకరు రాక్షసులును గారు.

ఇక పీఠముల చరిత్రను చూతము. 2015లో ఇంటెల్ వారి ఆరవ తరము ప్రాసెసర్లు ఎల్.జి.ఎ. 1151 అను సాకెట్టుతో వచ్చినవి. 2017 జనవరిలో వచ్చిన ఏడవ తరము అదే బోర్డులమీద పనిచేసెను. అదే యేడాది అక్టోబరులో ఎనిమిదవ తరము వచ్చెను. సాకెట్టు సంఖ్య మారలేదు. ప్రాసెసరు గుంటలో సరిగా కూర్చుండును. అయినను పాత బోర్డుమీద పనిచేయదు, క్రొత్త బోర్డు కొనవలసినదే. 2020లో ఎల్.జి.ఎ. 1200 వచ్చి రెండు తరములతో ముగిసెను. 2021 నవంబరులో వచ్చిన ఎల్.జి.ఎ. 1700 కొంత మేలు. పండ్రెండు, పదమూడు, పదునాలుగవ తరములు దానిమీద నడచినవి. 2024 అక్టోబరులో ఎల్.జి.ఎ. 1851 వచ్చెను. ఇట్లు తొమ్మిదేండ్లలో ఐదు విధములైన బోర్డులు మారినవి.

ఏ.ఎం.డి. వారి ఏ.ఎం. 4 అను సాకెట్టు 2016లో వెలువడెను. 2017 మార్చిలో రైజెన్ ప్రాసెసర్లు దానిమీదకు వచ్చినవి. నాటి మేటి రైజెన్ 7 1800 ఎక్స్‌కు ఎనిమిది కోర్లును, 16 మెగాబైట్ల మూడవ అంచె క్యాషి మెమరీయు నుండెను. 2022 ఏప్రిలులో అదే సాకెట్టునకు వచ్చిన 5800 ఎక్స్ 3డి యందు కోర్లు ఎనిమిదే గాని, ఆ క్యాషి మెమరీ 96 మెగాబైట్లకు పెరిగెను. ఒకే కాడికి ఐదేండ్ల యెడముతో ఇంత బలమైన ఎద్దును కట్టగలుగుట సామాన్యము గాదు.

అయినను ఏ.ఎం.డి. వారి నడతయు నిష్కళంకము గాదు. 2020 మే నెలలో వారు తమ రానున్న ప్రాసెసర్లు నిన్న మొన్నటి బి450, ఎక్స్470 బోర్డులమీద పనిచేయవని ప్రకటించిరి. కొన్నవారందరును గగ్గోలు పెట్టగా ఆ నెలలోనే మాట మార్చుకొనిరి. 2017 నాటి తొలి బోర్డులకు ఆ వరము 2022లో గాని అధికారికముగా లభింపలేదు. 2019లో భారీ పనులకై తెచ్చిన త్రెడ్‌రిప్పరు వారి ఎస్.టి.ఆర్.ఎక్స్. 4 సాకెట్టు ఒక్క తరముతోనే అంతరించెను. కాబట్టి ఏ సంస్థయు మన మేలుకొరకు వ్యాపారము చేయుట లేదు. వాగ్దానమును వినవచ్చును గాని, గడచిన నడతతో సరిచూచియే నమ్మవలెను.

ఈ పీఠము సంగతి యెంత ముఖ్యమో 2025లో పలువురకు తెలియవచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము ముగిసెను. దాని తరువాతిదగు విండోస్ 11, సామాన్యముగా ఇంటెల్ ఎనిమిదవ తరమునకును, రైజెన్ 2000 వరుసకును పూర్వమైన ప్రాసెసర్లను అంగీకరింపదు. 2017 తొలి మాసములలో ఏడవ తరపు ఇంటెల్ కొన్నవారును, తొలి రైజెన్ కొన్నవారును సమానముగానే వెలి యైరి. అయితే ఇక్కడనే భేదము బయలుపడినది. మొదటివాడు తన బోర్డుమీద ఎనిమిదవ తరమును పెట్టుకొనలేడు. బోర్డుతో సహా మార్చవలెను. రెండవవాడు తన బోర్డు తయారుదారు క్రొత్త బయాసును ఇచ్చియున్న యెడల, ఆరు కోర్ల రైజెన్ 5 5600 నొక్కదానిని తెచ్చి, మెమరీయు, పెట్టెయు, విద్యుత్ సరఫరా పెట్టెయు ఉన్నవి ఉన్నట్లే నిలుపుకొని పని గడుపుకొనవచ్చును. ఒకని యింట పాత బోర్డు చెత్తపాలయ్యెను. మరియొకని యింట అదియే మరికొన్నేండ్లు పనిచేయును. ఒకే యేడాది కొన్న యిద్దరికి ఇంత వ్యత్యాసము తెచ్చినది వేగము గాదు, సాకెట్టు.

"ఎవరండీ మధ్యలో ప్రాసెసరు మార్చేది? పాడయ్యేదాకా వాడి, కొత్తది కొనుక్కుంటాం" అని కొందరనుటయు వినియున్నాము. అది సత్యమే. పెట్టె మూత ఎన్నడును తీయనివారికి ఈ దీర్ఘాయువు వలన లాభము లేదు; దానికై ఒక్క రూపాయియైనను అధికముగా ఈయనక్కరలేదు. అట్టివారు వెలను, హామీ కాలమును, తమ ఊరిలో మరమ్మతు సౌకర్యమును చూచి ఏది కొన్నను తప్పు లేదు. కాని మారుపు అవసరము పడదని ముందుగా తలచి, తరువాత చింతించినవారిలో మేమును ఒకరము. కొన్నేండ్ల క్రిందట ఇంటికొక కంప్యూటరు కొన్నప్పుడు, సొమ్ములో అధిక భాగము ప్రాసెసరునకే పోసి, దుకాణములో అన్నిటికంటె చవుకైన బోర్డును తీసికొంటిమి. నాలుగేండ్లకు మా అమ్మాయి చదువునకు ఆ యంత్రము చాలక దుకాణమునకు మోసికొనిపోగా, అచటివాడు మూత తీసి చూచి, "దీనిమీద ఎక్కే ప్రాసెసరు ఇప్పుడు దొరకదండి. బోర్డు, మెమరీ, ప్రాసెసరు మూడూ మార్చాలి" అనెను. ఆ దినమున మేము చెల్లించినది మా అశ్రద్ధకు వెల.

సాకెట్టు నిలిచినంత మాత్రమున యంత్రము నిలుచునని తలపరాదు. ఇంటెల్ వారి పదమూడు, పదునాలుగవ తరములలోని కొన్ని బలమైన ప్రాసెసర్లు అధిక వోల్టేజి వలన క్రమముగా చెడిపోవుచున్నవని 2024లో తేలగా, వారు దిద్దుబాటు మైక్రోకోడును విడుదల చేసి, హామీని మరి రెండేండ్లు పొడిగించిరి. 2023లో ఏ.ఎం.డి. వారి 7000 ఎక్స్ 3డి ప్రాసెసర్లు కొన్ని బోర్డులమీద కాలిపోగా, వారు ఒక వోల్టేజిని 1.3కు పరిమితము చేసిరి. ఇరువురి యెడలను మనకు పాఠ మొక్కటియే: బయాసును నవీకరించుట సోమరితనముచే మానరాదు.

వేగమును గూర్చి కొంచెము. లెక్కలు, వ్యాసములు, ప్రోగ్రాములు వ్రాయుట, పాఠముల వీడియోలు చూచుట మొదలగు విద్యార్థి పనులన్నిటికిని నేటి ఆరు కోర్ల ప్రాసెసరు ఎవరిదైనను చాలును. వీడియోలు కూర్చువారికి పెద్ద కోర్లతోపాటు చిన్న కోర్లనేకము గల ఇంటెల్ ప్రాసెసర్లు చక్కగా ఉపయోగపడును. ఆటలలో క్యాషి అధికముగా గల ఎక్స్ 3డి ప్రాసెసర్లది పైచేయి. అయితే అది చదువునకు అక్కరలేని బలము. వేగముతోపాటు వేడిని లెక్కింపవలెను. ఇంటెల్ కోర్ ఐ9 13900 కె పూర్తి బలముతో పనిచేయునప్పుడు 253 వాట్లవరకు తీసికొనును. రైజెన్ 5 5600కు 65 వాట్లని తయారుదారు నిర్ణయము. మే నెల యెండలలో ఒకే ఫ్యానుగల గదిలో కూర్చుండి చదువు పిల్లవానికి ఈ భేదము పుస్తకములో చదివి తెలిసికొనవలసినది కాదు.

కావున మా సలహా యిది. క్రొత్తగా కొనువారు, మూత తీసి మార్చు ఉద్దేశము గలవారైనచో, 2022లో వెలువడిన ఏ.ఎం. 5 సాకెట్టు బోర్డును తీసికొనవచ్చును. దానిని 2027 వరకును ఆ పైనను పోషింతుమని ఏ.ఎం.డి. వారు 2024లో ప్రకటించిరి. వారి 7000, 9000 వరుసలు రెండును ఇదివరకే దానిమీద నడచుచున్నవి. ఇప్పటికి ఆరు కోర్లతో తృప్తిపడి, మిగిలిన సొమ్ముతో నాణ్యమైన బోర్డును, మంచి విద్యుత్ సరఫరా పెట్టెను కొనుడు. ఇంట ఏ.ఎం. 4 బోర్డున్నవారు దానిని పారవేయవద్దు. ఏ.ఎం. 5నకు డి.డి.ఆర్. 5 మెమరీ తప్పనిసరి. 2025 చివర మెమరీ వెలలు మిక్కిలి పెరిగినవి గనుక, పాత డి.డి.ఆర్. 4ను నిలుపుకొనుటయే యొక పొదుపు. ఇంట ఇంటెల్ పండ్రెండవ తరము గాని ఆ పైది గాని యున్నవారు ఇతరులను చూచి మార్పునకు తొందరపడవలదు. ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షర మున్నచో దానిలో చిత్రములు చూపు భాగముండదు, వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలసి వచ్చును. ఈ సంగతి ముందే కనిపెట్టుకొనవలెను.

విద్యార్థులారా, క్రొత్త యొక వింత, ప్రాత యొక రోత యని మన పెద్దలు ఊరక అనలేదు. ఏటేట వెలువడు క్రొత్త పేరును చూచి తండ్రిని పీడింపవద్దు. మీ బోర్డు ఏ ప్రాసెసర్లను భరింపగలదో తయారుదారు ప్రకటించిన పట్టికను మీరే చదివి, తండ్రికి వివరింపుడు. తలిదండ్రులారా, దుకాణమునకు పోయినప్పుడు ఏది వేగవంతమని అడుగుటకు ముందు రెండు ప్రశ్న లడుగుడు: ఈ బోర్డుమీద ఇంతవరకు ఎన్ని తరముల ప్రాసెసర్లు పనిచేసినవి? ఇకమీదట వచ్చువానిని గూర్చి తయారుదారు ఏమని ప్రకటించియున్నాడు? ఈ రెంటికిని బదులు చెప్పగల దుకాణదారునియొద్ద కొన్న సొమ్ము చాలవరకు వ్యర్థము గాదని మా నమ్మకము.