‘పడదు’ అనే మాట వెనక

పిల్లవాడికి గుడ్డు పెడితే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా ఇంట్లో వచ్చే తీర్పు ఒక్కటే: ‘వాడికి పడదు.’ పాలు అరక్క విరేచనాలైనా పడదే. కారానికి కడుపు మండినా పడదే. గొంతు వాచి ఊపిరాడకపోయినా పడదే. ఈ ఒక్క మాటలో ఇన్ని వేర్వేరు విషయాలు ఇమిడిపోయాయి. వీటిని విడదీసి చెప్పాల్సింది వైద్య వ్యవస్థ. అది చెప్పదు. నింద మాత్రం తల్లి మీద పడుతుంది.

మొదటి ప్రశ్న ఆమెకే: ‘నువ్వేం తిన్నావు?’ చంటిబిడ్డ ఒంటిమీద పొక్కు కనిపిస్తే చాలు, బాలింత కంచంలోంచి పప్పు, గుడ్డు, వంకాయ, శెనక్కాయ ఒక్కొక్కటే మాయమవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, 6-59 నెలల పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటి చోట నిర్ధారణ లేకుండా పెట్టే పథ్యం వైద్యం కాదు, మరికొంత ఆకలి.

అసలు ఎలర్జీ అంటే ఏమిటి? ఆహారంలోని మాంసకృత్తిని శరీరపు రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి ఎదురు తిరగడం. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం కనిపిస్తాయి. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, అది ప్రాణం తీయదు. రక్తపరీక్ష ఒక్కటే దీన్ని తేల్చలేదు కూడా. పొరుగునున్న కర్ణాటకలో బడిపిల్లల మీద జరిగి 2020లో అచ్చయిన అధ్యయనంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించింది. నిజంగా ఆహార ఎలర్జీ ఉన్నట్టు తేలినవారు వెయ్యికి ఇద్దరు కూడా లేరు. పరీక్ష కాగితం చూసి పది వస్తువులు మాన్పించడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనది శెనక్కాయ పండే నేల. బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధన, తొలి ఏడాదిలోనే వేరుశనగ తినిపించిన పిల్లలలో ఆ ఎలర్జీ బాగా తగ్గిందని చూపింది. మానిపించడమే రక్షణ అన్న పాత సలహా దాంతో తలకిందులైంది. (గింజలు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మెత్తగా నూరి పలచన చేసే పెట్టాలి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు ముందు డాక్టర్ని అడగాలి.) కనుక 2020లో బడి భోజనంలో గుడ్డుతో పాటు చేరిన చిక్కీని తీసేయమని మనం అడగడం లేదు.

అయితే వెయ్యికి ఒక్కరైనా, ఆ ఒక్క బిడ్డ సంగతేమిటి? తల్లి ధర్మవరంలో మగ్గం మీదో, హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీలోనో ఉంటుంది. బిడ్డ దగ్గర అవ్వో, పదేళ్ల అక్కో ఉంటుంది. దిష్టి తీసేలోపు విలువైన నిమిషాలు గడిచిపోతాయి. అవ్వది అజ్ఞానమని తేల్చేయడం సులువు. ఆమెకు ఎవరు చెప్పారు కనుక? అప్పుడు కావలసిన మందు అడ్రినలిన్, తొడ కండరానికి వేసే చవకైన ఇంజెక్షన్. టీకాల రోజున ఏఎన్ఎం దగ్గర ఉండాల్సిన కిట్‌లో అదే మందు ఉంటుంది. టీకా వికటిస్తే వేసే మందు, తిండి వికటిస్తే ఎందుకు అందకూడదు?

2020 ఆహార లేబుల్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, వేరుశనగ వంటివి ఉన్నాయని ప్యాకెట్ మీద రాయాలి. కానీ ఇంగ్లీషులోనో హిందీలోనో రాస్తే చట్టానికి సరిపోతుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి ఆ హక్కు కాగితం మీదే మిగిలింది.

మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అన్ని వేళలా అడ్రినలిన్, దాన్ని వేయగల మనిషి ఉండాలి. అంగన్‌వాడీ కార్యకర్తలకు, బడిలో వంట చేసే స్త్రీలకు ప్రమాద లక్షణాలు నేర్పాలి, అదీ జీతమిచ్చే పని వేళల్లోనే. ఎలర్జీ ఉన్న బిడ్డకు గుడ్డుకో చిక్కీకో బదులు మరో పోషకాహారం ఇవ్వాలి. లేబుల్ తెలుగులో ఉండాలి. డాక్టర్లు ‘పడదు’ అన్న తల్లిని కసరకుండా, ఏం తిన్నాడు, ఎంతసేపటికి వచ్చింది, మళ్లీ తిన్నప్పుడు వచ్చిందా అని అడగాలి. నిర్ధారణకు ఆ జవాబులే పునాది. అవి ఎక్కువగా తల్లి దగ్గరే ఉంటాయి.