ఫైర్‌ఫాక్స్ 57: గొణిగినవాళ్ళది ఛాదస్తమేనా?

కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఒక మాట తయారుగా ఉంటుంది: "జనానికి మార్పు పడదు. నాలుగు రోజులు గొణిగి వాళ్ళే అలవాటు పడతారు." 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడూ ఇదే అన్నారు. ఇప్పటికీ ఆ విడుదల ప్రస్తావన వస్తే వేగం మీద మెచ్చుకోలు, గొణిగినవాళ్ళ మీద వెటకారం. మెచ్చుకోలుతో నాకు పేచీ లేదు. పేచీ అంతా వెటకారంతోనే.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. 'క్వాంటమ్' అని పేరు పెట్టుకుని వచ్చిన ఆ వెర్షన్ నిజంగానే పరిగెత్తింది. పేజీకి రూపం దిద్దే భాగాన్ని రస్ట్ భాషలో కొత్తగా రాశారు. ప్రాసెసర్‌లోని కోర్లన్నీ ఆ పనిని పంచుకుంటాయి. క్రోమ్ ముందు ముసలిదైపోయిందనుకున్న బ్రౌజరు మళ్ళీ బరిలోకి దిగింది.

కానీ అందుకు బలైపోయినవి పాత యాడ్-ఆన్లు. అవి బ్రౌజరు పొట్టలోకి చెయ్యి పెట్టి ఏ నరాన్నైనా కదపగలిగేవి. ట్యాబ్ మిక్స్ ప్లస్ ట్యాబుల తీరునే మార్చేసేది. డౌన్‌దెమ్ఆల్ పేజీలోని ఫైళ్ళన్నిటినీ ఒక్క దెబ్బకి దించేది. ఇక 'పద్మ' మన సొంత కథ. ఈనాడు లాంటి పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడుకునే రోజుల్లో, ఆ ఫాంటు లేకపోతే తెర నిండా గజిబిజి. దాన్ని యూనికోడ్ తెలుగులోకి మార్చి మనచేత చదివించింది ఈ యాడ్-ఆనే. అదీ పుట్టింది పాత పద్ధతిలోనే. ఏ కంపెనీ మీటింగులోనూ ఎవరికీ తట్టే పని కాదది. తలుపు తీసి ఉంది కాబట్టి, అవసరం తెలిసినవాళ్ళు లోపలికొచ్చి చేసుకున్నారు.

57తో ఆ తలుపు మూశారు. వెబ్‌ఎక్స్‌టెన్షన్స్ అనే కొత్త పద్ధతిలో రాసినవే నడుస్తాయన్నారు. చెప్పిన కారణాలు అబద్ధాలు కావు. యాడ్-ఆన్లు అంత లోతుగా చెయ్యి పెడుతుంటే లోపల ఏది మార్చినా ఇంకేదో విరిగేది, భద్రతకూ చేటే. 2015 ఆగస్టులోనే కబురు కూడా చెప్పారు. "రెండేళ్ళు టైమిచ్చారు కదా, ఇంకేం కావాలి?" అంటారు.

ఎవరికిచ్చారు టైము? పైసా ఆశించకుండా, తీరిక వేళల్లో రాసినవాళ్ళకి. పాత యాడ్-ఆన్ చేసే పనికి కొత్త పద్ధతిలో దారే లేకపోతే రెండేళ్ళైనా ఇరవయ్యేళ్ళైనా ఒకటే. డౌన్‌దెమ్ఆల్ 2019లో తిరిగొచ్చింది, కొన్ని పాత శక్తులు వదులుకుని. ఇల్లు బాగుచేస్తామని చెప్పి మన సామాను వీధిలో పెడితే, ఇదేంటని అడిగినవాడిది ఛాదస్తమా?

నా అసలు అభ్యంతరం మరుసటి ఏడాది జరిగినదాని మీద. పాత యాడ్-ఆన్లు నడిచే చివరి దీర్ఘకాలిక వెర్షన్ 52కి 2018 సెప్టెంబరులో మద్దతు ఆగిపోయింది. అక్టోబరుకల్లా మొజిల్లా తన సైటులో పాత యాడ్-ఆన్లను కనబడకుండా చేసేసింది. నడవకపోతే పోనీ, ఉండనివ్వడానికేం? ఎవరూ అడగడం లేదని గ్రంథాలయం పాత పుస్తకాలను చిత్తుకాగితాల కింద అమ్మేస్తే, 'మార్పు' అని ఊరుకుంటామా? వాటిని ఏరి దాచే పని చివరికి వాడుకరులే నెత్తినేసుకున్నారు. గొణుగుతారని వెక్కిరించింది వీళ్ళనే.

వ్యాపారమే పరమార్థమైన కంపెనీని ఇలా నిలదీసి లాభం లేదు. కానీ మొజిల్లా వెనక ఉన్నది లాభాపేక్ష లేని ఫౌండేషన్, వెబ్ అందరిదీ అని చెప్పేది. అందుకే అడగడం. విడుదల ప్రకటనలో కొత్తగా ఏమొచ్చిందో చెప్పే జాబితా పక్కనే, ఏం పోయిందో చెప్పే జాబితా కూడా పెట్టండి. అంతే పొడుగు, అంతే పెద్దక్షరాలు. అది చదివాక గొణగాలో వద్దో మేం తేల్చుకుంటాం.