పడమటి మండలాలకు రాగులివ్వండి

పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఏ రేషన్ దుకాణానికి వెళ్లినా కార్డుదారుడి సంచిలో ఎక్కువగా పడేది తెల్లబియ్యమే. ఊరు దాటితే కనిపించేది మాత్రం రాగులు పండే మెట్ట నేల. రెండు తరాల కిందట ఇక్కడి ఇళ్లలో రోజువారీ తిండి సంగటి. వరన్నం పండక్కో, పెళ్లికో, చుట్టాలొచ్చినప్పుడో. ఇప్పుడది తలకిందులైంది. పొద్దున ఇడ్లీ, దోసె, లేదంటే మైదా పరోటా. మధ్యాహ్నం, రాత్రి అన్నం. సంగటి ఆదివారం నాటుకోడి పులుసుకు తోడుగా మిగిలింది. పాలిష్ పట్టిన తెల్లని తిండి ముడిగింజల తిండి కంటే ఆరోగ్యానికి తీసికట్టా అని అడిగితే మా జవాబు ఒక్కటే: ముమ్మాటికీ తీసికట్టే. ఆ తీసికట్టు గింజను ప్రభుత్వం ఉచితంగా పంచుతూ, మేలైన గింజను మాత్రం సొంత డబ్బుతో కొనుక్కోమని పేదలకు చెప్పడం అన్యాయం.

ఈ విషయంలో తెలుగువాళ్లు ఒకసారి ప్రాణాలతో మూల్యం చెల్లించారు. గత శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర సర్కారు జిల్లాలను బెరిబెరి పట్టి పీడించింది. కాళ్లు తిమ్మిరెక్కేవి, ఒళ్లు నీరు పట్టేది, కొందరికి గుండె ఆగిపోయేది. మర పట్టిన పచ్చిబియ్యం తినేవాళ్లలోనే ఆ జబ్బు ఎక్కువ. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అరుదు. వడ్లను ఉడకబెడితే, బెరిబెరి రాకుండా కాపాడే థయమిన్ (బి1 విటమిన్) పైపొరల నుంచి గింజలోకి ఇంకుతుంది. పచ్చి వడ్లు మర పడితే అది తవుడుతో పాటే పోతుంది. రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు తిరగేస్తే తేడా తెలిసిపోతుంది. 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, మర పట్టిన బియ్యంలో మూడు గ్రాముల లోపు. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బియ్యంలో ఎనిమిదికి మించదు. థయమిన్ రాగుల్లో ఏడు రెట్లు ఎక్కువ. మైదాకూ గోధుమకూ మధ్య పీచులో తేడా నాలుగు రెట్లు. రేషన్ బియ్యంలో నూటికొక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలుపుతూ వచ్చారు. రక్తహీనత ఉన్న చోట ఆ మేరకు సంతోషమే. పోయిన పీచు మాత్రం ఏ కలుపుడు గింజతోనూ తిరిగి రాదు. ఇక సన్నబియ్యం ఇస్తామని పార్టీలు పోటీ పడుతున్నాయి. సన్నమైనా దొడ్డయినా, తవుడు పోయాక పోషకాల్లో పెద్ద తేడా ఏముంటుంది?

నేటి జబ్బు బెరిబెరి కాదు, చక్కెర వ్యాధి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది. 21 దేశాల్లో లక్షా 32 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో వెలువరించిన ప్యూర్ అధ్యయనం మనకు నేరుగా తగులుతుంది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్లకు, 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోలిస్తే, మధుమేహ ముప్పు దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువగా కనిపించింది. 450 గ్రాముల అన్నమంటే మన రైతు ఒక్క పూటలో తినేదే.

అయితే రాగులు మందు కావు. బియ్యం మాని అంతే కొలతలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తింటే మధుమేహ ముప్పు తగ్గడం లేదని, మొత్తం పిండిపదార్థం తగ్గించి ఆ చోట పప్పులు, పాలు చేర్చితే తగ్గుతోందని ఐసీఎంఆర్ పరిశోధకులే 2025లో చెప్పారు. మాంసకృత్తుల్లో రాగులు బియ్యం కంటే మెరుగేమీ కాదు. మెత్తటి పిండి, పలచటి జావ తొందరగానే అరుగుతాయి. చిరుధాన్యాల పేరుతో అమ్మే బిస్కెట్ పొట్లం వెనక పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ వాడింది ముందు రాయాలన్నది నిబంధన. మొదటి మాట మైదా అయితే ముందువైపు బొమ్మను నమ్మనక్కర్లేదు.

పడమటి మండలాల పెద్దలు ఇదంతా చదివి తినలేదు గానీ, వాళ్ల పళ్లెం సరిగ్గా కుదిరింది. రాగి చేలోనే అనప సాళ్లు వేసేవారు. చలికాలం వస్తే అనపగింజలు నానబెట్టి, తోలు పితికి పితికిపప్పు చేసేవారు. మిగతా రోజుల్లో ఉలవచారు, ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి. ముద్దకు తోడు పప్పు తప్పకుండా ఉండేది. సంగటి చేసే తీరు చూడండి. నూకలు ఉడుకుతుండగా పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంట చేసి, ఆవిరి పట్టనిచ్చి కెలుకుతారు. నూకలు కాసిని, పిండి ఎక్కువ ఉంటే ముద్ద ముదురు రంగులో గట్టిగా నిలుస్తుంది. నేడు చాలా హోటళ్లలో వడ్డించే ముద్ద బూడిద రంగుకు తిరిగి, పట్టుకుంటే జారుతోంది. అందులో ఎక్కువ భాగం నూకలే. సంగటి పేరుతో మళ్లీ తెల్లబియ్యమే తింటున్నాం.

1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఎందరి ఆకలి తీర్చిందో ఈ సీమకు తెలుసు. ఆ మేలును తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. ఆకలి తీర్చిన రేషనే ఇప్పుడు ఆరోగ్యాన్నీ చూడాలంటున్నాం. చట్టం అడ్డు రాదు. 2013 నాటి ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. పొలిమేర దాటితే కోలారు జిల్లా. కర్ణాటక ప్రభుత్వం అక్కడ రైతుల దగ్గర మద్దతు ధరకు రాగులు కొని కార్డుదారులకు ఇస్తోంది. ఒకే నేల, ఒకే వాన, ఒకే ముద్ద. మన వైపూ రాగులు అలాగే అందాలి.

2025-26కు రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, సాధారణ వరికి 2,369. ఆ ధర దక్కేలా ఊళ్లో కొనేవాళ్లుంటే, టమాటా ధర ఎప్పుడు కూలుతుందోనని వణికే మదనపల్లె రైతు రెండెకరాలైనా రాగికి వదులుతాడు. మా డిమాండ్లు ఇవీ. కార్డుదారు కోరితే బియ్యంలో సగానికి బదులు రాగులివ్వాలి, ప్రతి నెలా ఇవ్వాలి. వచ్చే కోతలకు ముందే పుంగనూరు, కుప్పం, మదనపల్లెల్లో కొనుగోలు కేంద్రాలు తెరవాలి. బడుల్లో 2023లో మొదలుపెట్టిన బెల్లం రాగిజావతో సరిపెట్టకుండా, వారానికి రెండు మధ్యాహ్నాలు పప్పుతో సంగటి వడ్డించాలి. వంట చేసే అక్కచెల్లెళ్లకు వంద మందికి సరిపడే ముద్ద చేత్తో కెలకడం అయ్యే పని కాదు. వాళ్లకు యంత్రం ఇచ్చాకే ఆ పని చెప్పాలి.