స్టెప్నీలో గాలున్నదా, వదినా?

క్రిందటి వారం ఎండు మిరపకాయలకు పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి చెప్పుకున్నాం. ఈ వారం వంటింటి గడప దాటి వాకిట్లోకి వద్దాం. వాకిట్లో చిన్న కారుందా? ఉంటే ఒక్కసారి దాని డిక్కీ తెరిచి చూశారా ఎప్పుడైనా? పెళ్లికి పోయేటప్పుడు చీరల బ్యాగు, పుట్టింటినుంచి వచ్చేటప్పుడు బియ్యం మూట పెట్టడానికి తెరిచే ఉంటారు. ఆ మూట కింద, చాప కింద, ఒక చక్రం పడుకుని ఉంటుంది. దాని సంగతే ఇవాళ మన ముచ్చట.

"ఇది మగవాళ్ల సంగతి, మాకెందుకమ్మా" అని పేజీ తిప్పకండి. నేనూ అలాగే అనుకున్నదాన్నే. నా మాట పూర్తిగా విన్నాక మీరే చెప్పండి.

మాది మొగుళ్లపల్లి. రెండేళ్ల కింద మావాడు ఒక పాత ఆల్టో కొన్నాడు. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఇంట్లోకి తెచ్చుకున్నాం. సీటు కవర్లు కొన్నాం, అద్దం ముందు చిన్న వినాయకుణ్ణి పెట్టాం. డిక్కీలో స్టెప్నీ ఉందా అని అడిగాం, ఉందన్నారు. అంతే, మళ్లీ దాని మొహం చూడలేదు.

పత్తి ఏరే రోజులు. మా చెల్లెలి బిడ్డ నిండు నెలలతో మా ఇంట్లో ఉంది. డాక్టరమ్మ చెప్పిన రోజుకు ఇంకా పది రోజులు ఉండగానే, రాత్రి పది దాటాక నొప్పులు మొదలైనయి. సొంత కారుండగా 108 ఎందుకులే, హన్మకొండకు మనమే తీసుకుపోదాం అనుకున్నాం. పరకాల దాటాం. గూడెప్పాడ్ ఇంకా రాలేదు, వెనక చక్రం దడదడమంది. దిగి చూస్తే టైరు నేలకు అంటుకుపోయింది. ఎవరి బండి నుంచి రాలిందో, వేలంత మేకు.

మావాడు డిక్కీ తీశాడు. స్టెప్నీ బయటికి లాగి కింద వేస్తే మెత్తగా కూలబడింది, అందులో చుక్క గాలి లేదు. జాకీ ఉంది, దాన్ని తిప్పే హ్యాండిల్ లేదు. పానా ఉంది, కానీ నట్టు మీద నిలవకుండా జారిపోతున్నది. భూపాలపల్లి నుంచి వచ్చే బొగ్గు లారీలు మా పక్క నుంచి పోతుంటే కారంతా ఊగుతున్నది. లోపల పిల్ల నా చెయ్యి పట్టుకుని "పెద్దమ్మా, ఇంకెంత సేపే?" అంటున్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పెరుగు కుండకు తోడు వేయడం మరవని నేను, ఈ ఒక్క చక్రం చూడటం మరిచానే అని ఆ చీకట్లో ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

దేవుడి దయ, పెళ్లి నుంచి తిరిగి వస్తున్న ఒక కుటుంబం వాళ్ల కారు ఆపింది. వాళ్లలో ఇద్దరు దిగి రోడ్డు పక్క మావాడితో నిలబడ్డారు, మమ్మల్ని ఎక్కించి పంపారు. తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకిప్పుడు పళ్లు వచ్చి నా చెవి కమ్మలు కొరుకుతున్నది. కానీ ఆ కారు ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నిద్రలో లేపుతుంది.

మర్నాడు పంక్చర్ వేసే తమ్ముడు మా స్టెప్నీ చూసి ఒక మాటన్నాడు. "అక్కా, గిది స్టెప్నీ కాదు. డిక్కీల బరువు." మనం రెండో గ్యాస్ సిలిండరు ఎందుకు పెట్టుకుంటాం? మొదటిది అయిపోతే పొయ్యి ఆగకూడదని. ఆ రెండోది ఖాళీగా పెట్టుకునే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? మరి కారు విషయంలో మనం చేస్తున్నది అదే.

అసలీ స్టెప్నీ పేరెక్కడిది?

ఇదొక ఊరి వీధి పేరంటే నమ్ముతారా? తొలి రోజుల్లో కార్లకు అదనపు చక్రం ఇచ్చేవారు కాదు. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ ఊళ్లో, స్టెప్నీ స్ట్రీట్‌లో డేవీస్ అన్నదమ్ములు అదనపు చక్రం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. మన పంక్చర్ షాపుల్లో మాత్రం ఇప్పటికీ స్టెప్నీయే.

టైరు కొనేటప్పుడు ఏం చూడాలి?

చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం కదా, టైరుకూ అంచు మీదే జాతకమంతా రాసి ఉంటుంది. ఉదాహరణకు ఆల్టో 800కు 145/80 ఆర్12 అని ఉంటుంది. 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతు ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 12 అంటే లోపలి రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. పక్కన 74టి అని ఉంటే, ఆ ఒక్క టైరు 375 కిలోలు మోయగలదని, గంటకు 190 కిలోమీటర్ల వేగం తట్టుకోగలదని గుర్తు. మీ కారు నంబర్లు వేరేగా ఉండవచ్చు. నడిచే నాలుగు చక్రాల మీద ఏముందో చీటీ మీద రాసుకుని షాపుకు వెళ్లండి. "చిన్న కారు టైరు" అని అడిగితే చిన్నదేదో అంటగడతారు.

రెండోది పుట్టిన తేదీ. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందని అర్థం. కొత్త టైరుగా అమ్మేదైనా సరే, ఈ అంకె చూడకుండా డబ్బివ్వకండి. రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించాలి. పదేళ్లు దాటితే చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా తీసేయాల్సిందే. మా స్టెప్నీ ఆ పదీ ఎప్పుడో దాటేసిందని తర్వాత తెలిసింది.

బీద బిక్కీ బతుకులం, అందరం కొత్తది కొనలేం. పాతది కొంటే తప్పు లేదు, చూసి కొనండి. పక్క గోడల మీద ఎండిన చెరువులా నెర్రెలుంటే వద్దు. ఎక్కడైనా బొబ్బలా ఉబ్బితే అసలే వద్దు. గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందన్నమాట. మన చట్టం ప్రకారం కార్లకు అంతకంటే తగ్గకూడదు.

మూడోది, రిమ్ము. టైరు కొలత కలిసినా రిమ్ముకుండే బోల్టు రంధ్రాల దూరం కలవకపోవచ్చు. ఇంకో కారు చక్రం చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే డిక్కీలో అలంకారమే. కొనేచోటే ఒకసారి బిగించి చూపించమనండి.

కొత్త కారు కొనేవారికి ఒక మాట. ట్యూబ్‌లెస్ టైర్లు ఉండి, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ మందు సామాను ఇస్తే స్టెప్నీ ఇవ్వకపోయినా ఫర్వాలేదని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించింది. ఆ మందు నేలకు తగిలే భాగంలో మేకు దిగితే పనిచేస్తుంది. పక్క గోడ చీలితే పనిచేయదు. మన రోడ్ల అంచున తేలిన కంకర పక్క గోడనే కోస్తుంది. అందుకని షోరూములో రంగు అడగకముందే స్టెప్నీ ఉందా అని అడగండి. కొన్ని కార్లకు సన్నని స్టెప్నీ ఇస్తారు. దాని మీద 80 అని రాసి ఉంటే గంటకు ఎనభై దాటకూడదని అర్థం. అది పంక్చర్ షాపుదాకా పోవడానికే, తిరుపతిదాకా పోవడానికి కాదు.

కారుకో పోపుల డబ్బా

కరెంటు పోయినా పోపుల డబ్బాలో ఆవాలెక్కడో జీలకర్రెక్కడో మన చేతికి తెలుసు. కారు సామానూ అలాగే ఒక్క సంచిలో ఉండాలి. పాత జీన్సు ప్యాంటు కాలు కుట్టి నేను సంచి చేశాను. అందులో ఇవి పెట్టుకోండి.

జాకీ: చిన్న కారుకు ఒక టన్ను మోసే కత్తెర జాకీ చాలు. దాని హ్యాండిల్ కూడా ఉందో లేదో చూడండి. మరల మీద ఏడాదికోసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి.

పానా: నట్లు కొన్ని కార్లకు 17, కొన్నింటికి 19, మరికొన్నింటికి 21 మిల్లీమీటర్లుంటాయి. మీ నట్టుకు వదులు లేకుండా పట్టేదే తీసుకోండి. వదులు పానా నట్టు మూలలు అరగదీస్తుంది. ఆ రాత్రి మాకు జరిగింది అదే.

రెండడుగుల ఇనుప పైపు ముక్క: పానా పిడికి తొడిగితే మన బలం రెట్టింపవుతుంది.

పాత చెక్కపీట: మన నల్లరేగడిలో జాకీ దిగబడిపోతుంది. కింద పీట వేయాలి.

ఇవి కాక రెండు ఇటుక ముక్కలు, టార్చిలైటు, గాలి కొలిచే మీటరు, కారు ప్లగ్గులో పెట్టే గాలి పంపు, ఎర్రగా మెరిసే త్రికోణం, పాత తువ్వాలు. మోకాళ్ల కింద వేసుకోవడానికి కడిగిన యూరియా సంచి.

చక్రం మార్చడం చపాతీ కంటే కష్టం కాదు

ముందు కారును గట్టి సమనేల మీదికి, రోడ్డు వారకు తీయండి. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరు వేసి, నాలుగు దీపాలూ మిణుకుమనేలా నొక్కండి. త్రికోణాన్ని కనీసం యాభై అడుగులు వెనక, పెద్ద రోడ్డయితే ఇంకా దూరంగా పెట్టండి. అందరినీ దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. పాడైన చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా ఇటుకలు పెట్టండి.

ఇప్పుడు అసలు కిటుకు. కారు లేపకముందే నట్లు కొద్దిగా వదులు చేయాలి. లేపాక చేయబోతే చక్రం తిరుగుతుంది, జాకీ జారుతుంది. పానా ఎడమ వైపుకు తిరగాలి. చేతికి రాకపోతే పిడి మీద కాలు పెట్టి బరువు వేయండి. ఇక్కడ మన బరువే మనకు వరం!

తలుపు కింది అంచున జాకీ పెట్టే గాట్లు ఉంటాయి, అక్కడే పెట్టండి. కొద్దిగా లేచాక స్టెప్నీని కారు కిందికి తోసి ఉంచండి, జాకీ జారినా కారు దాని మీద పడుతుంది. కారు కిందికి చెయ్యి గానీ తల గానీ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. నట్లు తీసి కొంగున ముడి వేసుకోండి, పోవు. చక్రం మార్చాక నట్లు ఏటవాలు వైపు లోపలికి ఉండేలా పెట్టి, పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా బిగించండి. కారు దించాక మళ్లీ గట్టిగా బిగించండి. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి. పంక్చర్ మర్నాడే వేయించండి, వచ్చే వారం అనకండి.

షాపులో గాలి మిషనుతో బిగిస్తే తర్వాత మన చేతికి రావు. "చివరకు చేతి పానాతోనే బిగించు తమ్ముడూ" అని పక్కన నిలబడి చెప్పండి.

మేము ఒక ఆదివారం వాకిట్లో పరీక్ష పెట్టుకున్నాం. మా ఆయన కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు. మావాడు గడియారం చూస్తున్నాడు. నాకు నలభై నిమిషాలు పట్టింది. తర్వాతి ఆదివారం ఇరవై ఐదు. మూడో ఆదివారం మా ఆయనను చేయమన్నాను. వారికి నడుం పట్టేసింది!

ఆడవాళ్లకు రాదనేవారికి ఒక కథ చెప్పండి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ తయారుచేసిన బండిని ఆయనకు చెప్పకుండా తీసి, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. దారిలో నూనె గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగు చేసుకుంది. బ్రేకుకు చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించుకుంది. కారులో తొలి దూర ప్రయాణం చేసింది పుట్టింటికి పోతున్న ఆడదే. మన పుట్టింటి దారి మనకు కష్టమా?

ఒక గుర్తు పెట్టుకోండి. నెలకోసారి, గ్యాస్ బుక్ చేసిన రోజు, స్టెప్నీలోనూ గాలి చూడాలి. డ్రైవరు తలుపు పక్క అంటించిన చీటీలో ఎంత ఉండాలో ఉంటుంది. స్టెప్నీకి దానికంటే రెండు మూడు ఎక్కువే పెట్టించండి, వాడకపోయినా మెల్లమెల్లగా తగ్గుతుంది గనక. సన్నని స్టెప్నీకి మాత్రం దాని మీద రాసినంతే. రెండేళ్లకోసారి మేడారం జాతరకు బయలుదేరేటప్పుడు సమ్మక్కకు బంగారం కొన్నామా అని చూసుకున్నట్టే, స్టెప్నీలో గాలున్నదా అని కూడా చూసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో కారు తాళాలు ఎవరు తీసినా నేను అడిగే మొదటి మాట అదే. మావాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఆ రాత్రి "ఇంకెంత సేపే?" అన్న మాట విన్నది నేను కదా.

వచ్చే వారం సజ్జ రొట్టె విరగకుండా తట్టడం చెప్పుకుందాం. ఈలోగా డిక్కీ తెరిచి చూస్తారు కదూ?