సర్వరు డిస్కు మన యింటి కంప్యూటరునకు తగునా?

"ఏనుగు బ్రదికినను వేయి, చచ్చినను వేయి" యని మన పెద్దలు చెప్పుదురు. గొప్ప వస్తువు పాతబడినను దాని విలువ పోదని యీ సామెతకు భావము. ఇప్పుడు మన విద్యార్థులలో కొందఱును, వారి తలిదండ్రులలో మఱికొందఱును ఈ న్యాయమునే కంప్యూటరు సామగ్రికి వర్తింపజేయుచున్నారు. పెద్ద సంస్థల సర్వరులలో కొన్ని సంవత్సరములు పనిచేసి తొలగింపబడిన హార్డుడిస్కులు తక్కువ వెలకు దొరకుచున్నవి గదా, వానిని కొని యింటి కంప్యూటరులో పెట్టుకొన్నచో లాభమే గదా యని వారి వాదము. ఈ విషయమున నా యభిప్రాయమును చదువరులకు మనవిచేయ దలచితిని. కొనుట తప్పుగాదు. తెలియక కొనుట తప్పు. కొన్న పిమ్మట దాని నొక్కదానినే నమ్ముకొనుట అంతకంటె పెద్ద తప్పు.

ముందుగా వారి వాదమునందలి సత్యమును ఒప్పుకొనవలెను. సర్వరు డిస్కు రాత్రింబవళ్లు విశ్రాంతి లేక పనిచేయుటకై నిర్మింపబడినది. గృహోపయోగమునకై చేయు డిస్కులలో కొన్నింటికి సంవత్సరమునకు 55 టెరాబైట్ల పనిభారము మాత్రమే తయారీదారులు నిర్ణయింపగా, సర్వరు డిస్కులకు 550 టెరాబైట్ల వఱకు నిర్ణయించుచున్నారు. క్రొత్తదానికి 5 సంవత్సరముల హామీ యిచ్చుట వాడుక. ఇరుగుపొరుగు డిస్కుల యదురును ఓర్చుకొను నేర్పుకూడ దానికి కలదు. ఇట్టి దృఢమైన వస్తువును చవుకగా కోరుట మితవ్యయమే గాని పిసినితనము కాదు.

అయినను సర్వరునకు తగినదంతయు మేజా కంప్యూటరునకు తగదు. సర్వరు డిస్కులలో సాటా జాతి, సాస్ జాతి యని రెండు గలవు. మన యింటి కంప్యూటరులలో నుండునది సాటా ద్వారము. సాటా డిస్కు సాస్ ద్వారమున నిముడును గాని, సాస్ డిస్కు సాటా ద్వారమున నిముడదు. దానికి ప్రత్యేకమైన కంట్రోలరు కార్డును కొనవలయును. అప్పుడు చవుకయను మాట సగము పోవును. అంతేకాదు, సాధారణ డిస్కునందు ఒక్కొక్క సెక్టారునకు 512 బైట్లుండగా, కొన్ని సాస్ డిస్కులలో 520 బైట్లుండును. అట్టిదానిని తిరిగి ఫార్మాటు చేసినగాని మన కంప్యూటరు దానిని వాడుకొనజాలదు. సాటా జాతిలోగూడ ఒక చిక్కు గలదు. క్రొత్త సర్వరు డిస్కులు కొన్నింటియందు మూడవ విద్యుత్ సూదికి 3.3 వోల్టులు తగిలినచో డిస్కు తిరుగక నిలిచిపోవు నేర్పాటు కలదు. పాత పవర్ సప్లయి నుండి ఆ వోల్టులు వచ్చుచుండిన యెడల డిస్కు చచ్చినట్లే పడియుండును. తెలియనివాడు దానిని పాడైనదని పాఱవేయును.

ఇక వేగమును గూర్చి. 2000 సంవత్సరమున సీగేట్ సంస్థవారి చీటా ఎక్స్15 అను డిస్కు నిమిషమునకు 15,000 చుట్లు తిరుగుచు వెలువడినది. ఇంటి డిస్కు సాధారణముగా 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగును. లెక్క చేసి చూచినచో, 7,200 చుట్ల డిస్కునందు కోరిన చోటు తలక్రిందికి వచ్చుటకు సగటున 4.17 మిల్లీసెకనులును, 15,000 చుట్ల దానియందు 2 మిల్లీసెకనులును పట్టును. ఒకప్పుడిది గొప్ప లాభమే. కాని తిరుగు పళ్లెములు లేని యెస్.ఎస్.డి.లు వచ్చిన పిదప ఈ లాభమునకు అర్థము లేదు. వేగము కొఱకు పాత సర్వరు డిస్కును కొనువాడు రొదను, వేడిమిని డబ్బిచ్చి యింటికి తెచ్చుకొన్నవాడగును.

అన్నింటికంటె ముఖ్యమైన భేదము కంటికి కనబడనిది. సర్వరునందు ఒక డిస్కు చదువలేని సమాచారమును తోడి డిస్కులనుండి తిరిగి కూర్చుకొనునట్లు ఏర్పాటుండును. కావున అచ్చటి డిస్కు ఒక సెక్టారు చదువ వీలుగానప్పుడు సాధారణముగా 7 సెకనులలో ప్రయత్నము మాని, "నావలన కాదు" అని చెప్పివేయును. ఇంటి డిస్కునకు తోడు లేదు గనుక, అది యంతకంటె చాలసేపు పెనుగులాడును. గుంపులో పనిచేయుటకు అలవాటుపడిన డిస్కును తెచ్చి మన పెట్టెలో ఒంటరిగా నుంచినప్పుడు, అది చేతులెత్తివేసిన పిమ్మట ఆదుకొనువారెవరు?

ఈ ప్రశ్నను నేను పుస్తకమునుండి తీయలేదు. కొన్ని సంవత్సరములకు పూర్వము నేనును అట్టి డిస్కునొకదానిని కొంటిని. అమ్మినవాడు పాతదని చెప్పియే యమ్మెను, అతని దోషమేమియు లేదు. గతించిన మా తండ్రిగారు చెప్పిన కథలను నేను ఫోనులో పట్టియుంటిని. అవి యేడు. వానిని ఆ డిస్కునందు పెట్టి, "గొప్ప డిస్కు గదా" యను ధీమాతో ఫోనులోనివి తుడిచివేసితిని. ఒక సాయంకాలము పిల్లలకు వినిపింపబోగా, మూడవ కథ నడుమ నాయన గొంతు ఆగిపోయినది. అయిదవదియు నంతే. అప్పుడు డిస్కు లోపలి లెక్క తీసి చూడగా, అది నా చేతికి రాకముందే 40,000 గంటలు, అనగా నాలుగున్నర సంవత్సరములకు పైగా, తిరిగియున్నట్లు తెలిసినది. కొన్ననాడే చూడవలసిన లెక్కను పోగొట్టుకొన్ననాడు చూచితిని. మూడవ కథ మా చెల్లెలి ఫోనులో దొరకినది. అయిదవది నేటికిని దొరకలేదు.

పెద్ద పేరును చూచి మోసపోవుట నాకు మాత్రమే కలిగినది కాదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ అను పరిశోధకులు సుమారు 1,00,000 డిస్కుల చరిత్రను పరిశీలించిరి. ఖరీదైన సర్వరు జాతి డిస్కులకును, సాధారణ సాటా డిస్కులకును మార్పిడి చేయవలసిన రేటులో పెద్ద భేదము వారికి కనబడలేదు. పైగా వయస్సు పెరిగినకొలదియు ఆ రేటు క్రమముగా పెరుగుచున్నదని తేల్చిరి. మనము కొనునది సర్వరు డిస్కు మాత్రమేగాక వయస్సు చెల్లిన డిస్కు గూడ నగుటచేత, ఈ రెండవ మాటను మఱువరాదు. 2025 సంవత్సరారంభమున, వాడిన సర్వరు డిస్కులలోని గంటల లెక్కను చెరిపి క్రొత్తవిగా అమ్మిన మోసము జర్మనీ దేశపు పత్రికల మూలమున బయటపడినది. కావున గంటల లెక్కను చూచుటయేగాక, కొన్నవెంటనే డిస్కునంతయు ఒకమారు ఆద్యంతము చదివించి, చెడిన సెక్టారులున్నవేమో పరీక్షించుట విధి.

"చేత డబ్బు తక్కువైనవాడు ఏమి చేయవలయు?" నని తలిదండ్రులు అడుగవచ్చును. నా ప్రత్యుత్తర మిది. ఒక గొప్ప డిస్కుకంటె రెండు చిన్న డిస్కులు మేలు. పరీక్షకు నిలిచిన పాత సర్వరు డిస్కు సాటాదైనచో దానిని రెండవ ప్రతి కొఱకు నిశ్చింతగా వాడవచ్చును. సినిమాలు, ఆటలు మొదలగు తిరిగి దొరకు వస్తువులనైనచో దానియందు మాత్రమే యుంచినను నష్టము లేదు. తిరిగి దొరకనివి, అనగా తల్లిదండ్రుల ఛాయాచిత్రములు, పెద్దల గొంతులు, సంవత్సరమంతయు శ్రమించి వ్రాసిన వ్రాతలు, ఎంత గొప్పదైనను ఒక్క డిస్కున నుంచరాదు. ఒక ప్రతి యింటనున్నచో మఱియొకటి బంధువుల యింటనుండవలెను.

ఏనుగు చచ్చినను వేయి కావచ్చును. కాని చచ్చిన యేనుగుపై నెవ్వరును అంబారీ కట్టరు. విద్యార్థులు ఈ వారమే తమ కంప్యూటరులను తెఱచి, తిరిగి దొరకని వస్తువులకు రెండవ ప్రతి యున్నదో లేదో చూచుకొందురేని, మా తండ్రిగారి యైదవ కథ పోయినందులకు కొంత ప్రయోజనము కలిగినదని సంతసింతును.